ఎన్నిసార్లు పోతున్నావని అడిగారు, సంచీ గురించి అడగలేదు

"మోషన్‌కు ఎన్నిసార్లు పోతున్నవమ్మా?"

"పోతలేను సార్."

డాక్టరుగారు కేస్ షీట్ మీద విరేచనాలు లేవని రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు. ఆయన వెనక బయట బెంచీల మీద ఇంకా డెబ్భై ఎనభై మంది ఉన్నారు. అక్క పక్కనే నిలబడి ఉన్న నేను కూడా ఏమీ అనలేదు. అనాలని తోచనే లేదు.

అక్క అబద్ధం చెప్పలేదు. ఆమెకు కింది దారిన మలం రావడం ఆగిపోయి అప్పటికి ఏడాది దాటింది. పొట్టకు ఎడమ పక్కన పేగును బయటికి తెచ్చి కుట్టారు. దాని మీద సంచీ అంటించుకుంటుంది. అంతకు ముందు రోజు ఆ సంచీని ఆమె తొమ్మిదిసార్లు ఖాళీ చేసింది. మామూలుగా రెండుసార్లు చేసేది. అయితే ఆమెను అడిగింది సంచీ గురించి కాదు. 'పోతున్నవా' అని అడిగారు, 'పోతలేను' అంది.

ఐదో రోజున ఆమెను ఆటోలో పడుకోబెట్టి అదే ఆసుపత్రికి తీసుకొచ్చాం. నాలుక ఎండిపోయింది, మూత్రం రావడం లేదు, మాట తడబడుతోంది. కిడ్నీలు దెబ్బతినే దాకా వచ్చిందన్నారు. పెద్దపేగు వాచింది. క్యాన్సర్ తగ్గడానికి ఎక్కించిన మందే ఆ వాపుకు కారణమని రెండు రోజుల తర్వాత తేలింది.

ఆ ఐదు రోజులు ఎందుకు పోయాయన్నదే ఈ వ్యాసం. ఆ డాక్టరు ఒక్కరినే తప్పు పట్టడానికి కాదు. ఆ గదిలో ముగ్గురం ఉన్నాం. ఆయన సంచీ గురించి అడగలేదు. ఆమె చెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా స్త్రీల ఆరోగ్య హక్కుల గురించి మీటింగుల్లో మాట్లాడుతున్న నేను నోరు మెదపలేదు.

అక్క మా సంఘం మనిషి. పేరు రాయొద్దంది, రాయడం లేదు. మిగతాదంతా రాయమంది.

ఆమెకు వచ్చింది గర్భసంచి ముఖద్వార క్యాన్సర్. మన స్త్రీలకు, అందులోనూ పేద స్త్రీలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో ఇదొకటి. కరెంటు పెట్టారు, కీమో ఇచ్చారు. తగ్గింది. కానీ కొన్నాళ్ళకు మలాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడింది. కరెంటు పెట్టించుకున్న కొందరిలో ఇలా జరుగుతుంది, క్యాన్సర్ వల్లా జరుగుతుంది. మలం యోని గుండా రావడం మొదలైంది. ఆ నెలల్లో ఆమె బస్సెక్కలేదు, పెళ్ళికి వెళ్ళలేదు, మీటింగుకు వస్తే గుమ్మం దగ్గర కూర్చునేది. అప్పుడు పెద్దపేగును మధ్యలోనే పొట్ట మీదికి తిప్పి దారి పెట్టారు. దాన్నే కొలాస్టమీ అంటారు. చిన్నపేగును బయటికి తెస్తే ఇలియాస్టమీ. ఏదైనా సరే, పొట్ట మీద పెట్టిన ఆ దారిని స్టోమా అంటారు. మన వాళ్ళు మాత్రం 'సంచీ పెట్టిన్రు' అంటారు.

తర్వాత జబ్బు తిరగబెట్టింది. ఈసారి కీమోతో పాటు ఇమ్యునోథెరపీ ఇస్తామన్నారు. కొంత ఒక సహాయ పథకం కింద వచ్చింది, మిగిలినదానికి ఉన్న అరెకరం అమ్మారు.

బ్రేకు తీసిన మందు

ఇమ్యునోథెరపీని మనం భయపడాల్సిన భూతంగా చూడనక్కర్లేదు. మన ఒంట్లో రోగంతో పోరాడే కణాలకు బ్రేకుల్లాంటివి ఉంటాయి. అవి లేకపోతే ఆ కణాలు మన సొంత అవయవాల మీదనే పడతాయి. క్యాన్సర్ కణాలు ఆ బ్రేకులను నొక్కిపెట్టి తప్పించుకుంటాయి. ఈ మందులు ఆ బ్రేకులను తీసేస్తాయి. ఈ విషయం కనిపెట్టినందుకే జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రకంలో మొదటి మందు ఇపిలిముమాబ్‌కు అమెరికాలో 2011లో అనుమతి దొరికింది. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ 2014లో వచ్చాయి. తిరగబెట్టిన గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌లో, ఒక ప్రత్యేక పరీక్షలో గుర్తు కనిపించినవారికి, పెంబ్రోలిజుమాబ్‌ను కీమోతో కలిపి ఇవ్వడానికి 2021లో అక్కడ అనుమతించారు.

కొందరికి ఈ మందు సంచీ అవసరమే లేకుండా చేస్తుందన్నదీ నిజమే. ఒక ప్రత్యేక జన్యులోపం ఉన్న మలాశయ క్యాన్సర్ రోగులకు న్యూయార్క్‌లో దోస్టార్లిమాబ్ అనే మందు ఇచ్చి చూశారు. 2022లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, చికిత్స పూర్తి చేసిన మొదటి 12 మందిలో 12 మందికీ గడ్డ కనిపించకుండా పోయింది. ఆపరేషన్ చేయాల్సిన అవసరం రాలేదు. ఇంత మేలు చేయగల మందును వద్దనడం నా ఉద్దేశం కాదు.

కానీ బ్రేకు తీసినప్పుడు బండి క్యాన్సర్ దగ్గరే ఆగదు. చర్మం, థైరాయిడ్, కాలేయం, ఊపిరితిత్తులు, పేగులు దెబ్బతినవచ్చు. ఇపిలిముమాబ్ ఇచ్చినవారిలో సుమారు ముగ్గురిలో ఒకరికి విరేచనాలు వస్తాయి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ రకంతో అంతకన్నా తక్కువ. రెండు రకాలూ కలిపి ఇస్తే ఎక్కువ. ఎక్కువమందికి మొదటి రెండు మూడు నెలల్లో మొదలవుతుంది. కానీ మందు ఆపేసిన తర్వాత, నెలలు గడిచాక కూడా రావచ్చు. వెంటనే పట్టుకుంటే మందు నిలిపి, స్టెరాయిడ్లు ఇచ్చి, వాటిని నాలుగు నుంచి ఆరు వారాల్లో మెల్లగా తగ్గిస్తే చాలామందికి నయమవుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో స్టెరాయిడ్లకు లొంగకపోతే వేరే మందులున్నాయి. పట్టుకోకపోతే పేగుకు చిల్లు పడవచ్చు, ప్రాణం పోవచ్చు.

అంటే ఇక్కడ ప్రాణం కాపాడేది తొందరగా గుర్తించడం. గుర్తించాలంటే రోగిని అడగాలి. ఏమని అడుగుతున్నారు?

కొలతలో లేని శరీరం

క్యాన్సర్ మందుల దుష్ఫలితాలను కొలవడానికి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ తయారు చేసిన పట్టికను ప్రపంచమంతా వాడుతుంది. దాని ఐదో కూర్పు 2017లో వచ్చింది. అందులో విరేచనాలకు ఇలా లెక్క ఉంది. రోజూ వెళ్ళేదానికన్నా నాలుగుకు లోపు సార్లు ఎక్కువైతే ఒకటో స్థాయి. నాలుగు నుంచి ఆరుసార్లు ఎక్కువైతే రెండో స్థాయి. ఏడు, అంతకు మించితే మూడో స్థాయి, అంటే ఆసుపత్రిలో చేర్చవలసిన పరిస్థితి.

మరి సంచీ ఉన్నవాళ్ళకు? వాళ్ళనూ మరచిపోలేదు. అదే వాక్యాల్లో వాళ్ళకూ చోటిచ్చారు. సంచీలోకి వచ్చేది 'కొద్దిగా' పెరిగితే ఒకటో స్థాయి, 'మధ్యస్థంగా' పెరిగితే రెండు, 'తీవ్రంగా' పెరిగితే మూడు. అంతే. ఎన్నిసార్లు ఖాళీ చేస్తే మధ్యస్థం, ఎన్ని మిల్లీలీటర్లు దాటితే తీవ్రం అన్న అంకె లేదు. మామూలు దారి ఉన్న శరీరానికి అంకెలిచ్చారు. మాకు మాత్రం విశేషణాలిచ్చారు అని అక్క నవ్వుతూ అంది. సంఘంలో ఏళ్ళ తరబడి మినిట్స్ పుస్తకం రాసిన మనిషి కదా, తేడా చప్పున పట్టుకుంది.

అంకె లేనప్పుడు అడిగేవారి ఓపిక మీదా, చెప్పేవారి ధైర్యం మీదా అంతా ఆధారపడుతుంది. మన ఆసుపత్రుల్లో అడిగేవారికి తీరిక లేదు. చెప్పాల్సిన స్త్రీకి నోరు రాదు.

ఎందుకు రాదు? పాయిఖానా మాట మగ డాక్టరు ముందు ఎత్తడానికే మన ఆడవాళ్ళు చచ్చేంత సిగ్గుపడతారు. అది పొట్ట మీదికి వచ్చిందని చెప్పడం ఇంకా కష్టం. అక్క ఆపరేషన్ తర్వాత ఇంట్లో గ్లాసు వేరు చేశారు. వంట గదిలోకి రావద్దని ఎవరూ అనలేదు. కానీ ఆమె వెళితే కోడలు బయటికి వచ్చేసేది. అటువంటి ఇంట్లో సంచీ ఎక్కువసార్లు నిండుతోందని ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకోకపోగా తిండి మానేసింది. తినకపోతే నిండదనుకుంది. ఆసుపత్రికి వచ్చే రోజైతే మరీను, బస్సులో మూడున్నర గంటలు, దారిలో నీళ్ళున్న పాయిఖానా ఒక్కటీ లేదు. కడుపు మాడ్చుకుంటే పేగు వాపు తగ్గదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి కూడా నా కళ్ళారా చూశాను. అదే వార్డులో సంచీ ఉన్న మగవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ సంచీ ఖాళీ చేసేది భార్యలు. డాక్టరు వచ్చినప్పుడు "రాత్రి నుంచి ఆరుసార్లు తీసిన సార్, అంతా నీళ్ళే" అని చెప్పేదీ ఆ భార్యలే. ఆడవాళ్ళ సంచీ మాత్రం ఆడవాళ్ళే తీసుకుంటారు. మహా అయితే కూతురు తీస్తుంది. జబ్బుపడి సోయి తప్పితే ఆ లెక్క చెప్పేవాళ్ళు ఉండరు. సేవ చేయడం స్త్రీ పని అయిన సమాజంలో, స్త్రీకి జబ్బు చేస్తే సాక్షి కూడా దొరకదు.

సంతకం ఎవరిది?

ఇమ్యునోథెరపీ మొదలుపెట్టే ముందు కాగితాల మీద సంతకం చేసింది అక్క కొడుకు. అక్క చదవగలదు, రాయగలదు. అయినా కాగితం ఆమె చేతికి రాలేదు. అందులో విరేచనాలు రావచ్చని ఇంగ్లీషులో రాసి ఉందని తర్వాత తెలిసింది.

ఇది మనకు కొత్త కాదు. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భం రాకుండా నెట్-ఎన్ ఇంజక్షన్ ఇవ్వడానికి పేద స్త్రీలను పోగుచేశారు. అది ప్రయోగమన్న సంగతి వాళ్ళకు తెలియదు. స్త్రీశక్తి సంఘటన అక్కడికి వెళ్ళి నిలదీసింది. 1986లో సహేలీతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. తెలుసుకుని ఒప్పుకోవడం మా హక్కు అని మన ఉద్యమం అప్పుడే చెప్పింది.

2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఇదే మాట చెప్పింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చి పడుకోబెట్టిన ఆమెకు, బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. స్వయంగా నిర్ణయించుకోగల పెద్దమనిషి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదని, చికిత్స వల్ల వచ్చే ప్రమాదాలూ ప్రత్యామ్నాయాలూ రోగికి చెప్పాలని కోర్టు అన్నది. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రోగుల హక్కుల పత్రం తయారు చేసింది. సమాచారం పొందే హక్కు అందులో ఉంది.

కాగితం మీద హక్కు ఉంది. కానీ సమాచారమంటే ఏమిటి? 'విరేచనాలు రావచ్చు' అని సంచీ ఉన్న మనిషికి చెబితే అది సమాచారమేనా? విరేచనాలు అంటే ఆమెకు కింది దారిన వచ్చేవి. అవి రావు గనక తనకు ఆ భయం లేదనుకుంటుంది. అక్క సరిగ్గా అలాగే అనుకుంది. ఆ శరీరానికి సరిపోయే మాటల్లో చెప్పకపోతే చెప్పనట్టే. అంగీకారమూ తీసుకోనట్టే.

మనలో కొందరు అనవచ్చు: లక్షల రూపాయల మందు గురించి ఈ పత్రికలో ఎందుకు? పల్లెలో జ్వరానికి మాత్రలు దొరకని చోట ఇది ఎవరి సమస్య? నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ పరిస్థితి మారుతోంది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు తల, మెడ క్యాన్సర్ రోగులకు నివోలుమాబ్‌ను చాలా తక్కువ మోతాదులో, మూడు వారాలకు 20 మిల్లీగ్రాములు చొప్పున, చవక మందులతో కలిపి ఇచ్చారు. ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. 2023లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇటువంటి పరిశోధనల వల్ల ఈ మందు పేదలకూ చేరే దారి తెరుచుకుంటుంది. చేరాలి కూడా. మందుతో పాటు దాని దుష్ఫలితాలూ చేరతాయి. అప్పటికైనా సంచీ గురించి అడగడం నేర్చుకుని ఉండొద్దా?

మరో మాట కూడా వింటున్నాను: ఇవన్నీ ముందే చెబితే భయపడి మందే వద్దంటారని. భయపెట్టేది సమాచారం కాదు. అక్కను భయపెట్టింది, తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలియకపోవడం. ఇంకా, చెబితే మందు ఆపేస్తారేమో, అమ్మిన అరెకరం వృథా అవుతుందేమో అన్న భయం. ముందే మాట్లాడి ఉంటే ఆ భయమూ బయటపడేది.

ఇప్పుడేం చేయాలి?

ఈ పత్రిక చదివేవారిలో గ్రామాల్లో తిరిగే కార్యకర్తలు చాలామంది ఉన్నారు. మీకు తెలిసిన సంచీ ఉన్న స్త్రీ ఎవరైనా ఇమ్యునోథెరపీ తీసుకుంటుంటే, మొదటి డోసుకు ముందే ఒక వారం లెక్క రాయించండి. రోజుకు ఎన్నిసార్లు ఖాళీ చేస్తోంది, గట్టిగా ఉందా, జావలా ఉందా, నీళ్ళలా ఉందా, గీతలు పెట్టిన పాత సీసాతో కొలిస్తే ఎంత. అదే ఆమె సొంత అంకె. పట్టిక ఇవ్వని అంకెను మనమే తయారు చేసుకోవాలి. ఆ తర్వాత దాన్ని దాటినప్పుడల్లా, మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా, మందు ఇచ్చిన చోటికి ఫోన్ చేయాలి. రక్తం కనిపించినా, కడుపునొప్పీ జ్వరమూ వచ్చినా అంతే.

ఇలియాస్టమీ ఉన్నవారి విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. వాళ్ళకు మామూలుగానే రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పలుచగా వస్తుంది. ఒకటిన్నర లీటరు దాటితే నీరూ ఉప్పూ వేగంగా పోతాయి. అప్పుడు ఉత్త నీళ్ళు బాగా తాగమని చెప్పడం మేలు చేయదు. ఇంకా ఎక్కువ బయటికి వస్తుంది. ఉప్పూ చక్కెరా సరైన పాళ్ళలో ఉన్న ఓఆర్‌ఎస్ కావాలి, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి. విరేచనాలు ఆపే మాత్రలు దుకాణంలో కొని వేసుకుని ఊరుకోకూడదు. అవి వాపును కప్పిపెడతాయి.

కొలాస్టమీ ఉన్నవారిలో వాడుకలో లేని కింది పేగు లోపలే మిగిలి ఉండవచ్చు. దాన్నుంచి జిగట రావడం మామూలే. కానీ రక్తం వచ్చినా, జిగట బాగా ఎక్కువైనా చెప్పాలి. అక్కలాంటి వారికి అది యోని గుండా రావచ్చు, తెల్లబట్ట అనుకుని ఊరుకుంటారు. అడగాల్సింది మనమే. స్టెరాయిడ్లు మొదలయ్యాక షుగరు చూడాలి. స్టెరాయిడ్లకు లొంగనప్పుడు ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి మందు లోపల దాగిన క్షయను లేపగలదు. కాబట్టి ఆ పరీక్ష జరిగిందా అని అడగండి.

ఇవి మనం చేయగలిగినవి. ప్రభుత్వమూ ఆసుపత్రులూ చేయాల్సినవి వేరే ఉన్నాయి. ఇమ్యునోథెరపీ ఇచ్చే ప్రతి చోటా కేస్ షీట్ మీద 'సంచీ ఉందా, ఉంటే రోజుకు ఎన్నిసార్లు' అన్న గడి ఉండాలి. దానికి ఖర్చు ఏమీ లేదు. దుష్ఫలితాల కాగితం తెలుగులో, సంచీ ఉన్నవారికి విడిగా, రోగి చేతికే ఇవ్వాలి. రాత్రిపూట కూడా ఎత్తే ఒక ఫోను నంబరు దాని మీద ఉండాలి. స్టోమా సంరక్షణ తెలిసిన నర్సు, వీలైనంత వరకు స్త్రీ, ఉండాలి. సంచీ ఒక్కొక్కటి వందల రూపాయలు. నాకు తెలిసిన స్త్రీలంతా చేతి డబ్బుతో కొంటున్నారు. కొనలేక ఒకే సంచీని కడిగి వాడుతున్నారు, ప్లాస్టిక్ కవర్లు కట్టుకుంటున్నారు. నీళ్ళలా వచ్చే రోజుల్లో ఆ కవరు కింద చర్మం కాలినట్టు ఊడిపోతుంది. ఆపరేషన్‌కు ఇచ్చే ప్రజాధనం సంచీకీ ఇవ్వాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొంది. వాటిలో స్టోమా లేదు. చేర్చమని అడగాలి.

అక్క బతికింది. స్టెరాయిడ్లతో పేగు కుదుటపడడానికి ఆరు వారాలు పట్టింది. ఇమ్యునోథెరపీ మళ్ళీ ఇవ్వలేమన్నారు. ప్రస్తుతానికి జబ్బు పెరగలేదు, రేపటి మాట ఎవరూ చెప్పడం లేదు. ముందే పట్టుకుని ఉంటే ఆ మందు కొనసాగించే అవకాశం ఉండేదా అని ఆమె అడిగింది. తేలికగా ఉన్నప్పుడే పట్టుకుంటే కొందరికి కొంత ఆపి మళ్ళీ మొదలుపెడతారని డాక్టరు చెప్పారు. ఆ మాట విన్నాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

పోయిన నెల సంఘం మీటింగులో ఈ వ్యాసం చదివి వినిపించాను. అంతా విని ఆమె అన్నది ఇదీ: "సార్‌ను అనుడు తర్వాత. నువ్వు నా పక్కనే ఉంటివి. నా సంచి నువ్వు ఎన్నిసార్లు చూసినవ్. నువ్వన్నా అడగకపోతివి."

నా దగ్గర జవాబు లేదు. మీరు మాత్రం ఈసారి ఆసుపత్రికి ఎవరి వెంట వెళ్ళినా, సంచీ గురించి అడగండి.